ఎరుపు లేని నెత్తురు

"ఇలాంటి సినిమాలు ఎలా చూస్తావు?" అని అడిగేవాళ్ళకి మనం మామూలుగా ఇచ్చే జవాబులు రెండు. ఫోటోగ్రఫీ అద్భుతంగా ఉంటుంది అనేది ఒకటి. అది పైకే హారర్, లోపల విషయం వేరే ఉంది అనేది ఇంకొకటి. రెండూ అబద్ధాలు కావు. కానీ రెండూ ప్రశ్నని పక్కకి నెట్టేసే జవాబులే. అడిగినవాళ్ళు ఫోటోగ్రఫీ గురించి అడగలేదు. ఒక మనిషి ముఖం మీది చర్మాన్ని ఒలిచే దృశ్యాన్ని, అర్ధరాత్రి లైట్లు ఆర్పుకుని, కావాలని వెతుక్కుని మరీ చూడ్డంలో నీకొచ్చే ఆనందం ఏమిటని అడిగారు. ఆ ఆనందం మంచిదేనా అని కూడా అడిగారు, పైకి అనకపోయినా.

ప్రశ్న పాతదే. ప్లేటో 'రిపబ్లిక్' నాలుగో పుస్తకంలో లియోంటియస్ అనే అతని కథ ఒకటి వస్తుంది. పిరేయస్ రేవు నుంచి ఏథెన్స్‌కి గోడ వెంబడి నడిచొస్తుంటే తలారి దగ్గర పడున్న శవాలు కనిపిస్తాయి. చూడాలని ఉంటుంది. చూడాలనిపించినందుకు తన మీద తనకే రోత పుడుతుంది. కాసేపు ముఖం కప్పుకుని పెనుగులాడతాడు. చివరికి ఓడిపోయి, కళ్ళు పెద్దవి చేసుకుని శవాల దగ్గరికి పరిగెత్తి, తన కళ్ళనే తిట్టుకుంటాడు, ఇక తృప్తిగా చూసుకోండి అన్నట్టు. మనసులో కోరిక వేరు, రోషం వేరు అని నిరూపించడానికి ప్లేటోకి ఈ కథ పనికొచ్చింది. నాకు మాత్రం అతను కళ్ళని తిట్టడం దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. చూసింది నేను కాదు, ఇవీ అంటున్నాడు. శవాలు చూడ్డం కంటే ఆ మాటే పెద్ద తప్పేమో.

మనవాళ్ళు తిట్లదాకా వెళ్ళలేదు. రసాన్ని రుచితో పోల్చిన భరతుడు, భయానకాన్నీ బీభత్సాన్నీ కూడా శృంగారం కూర్చున్న పంక్తిలోనే కూర్చోబెట్టాడు. ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పాడు. భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం. ఎరుపేమో రౌద్రానికి. (నెత్తురు రంగు కోపానికి వెళ్ళింది, అసహ్యానికి కాదు. ఎందుకో.) తర్వాత అభినవగుప్తుడు ఈ భయం సంగతి వివరించడానికి శాకుంతలం మొదటి అంకంలోని లేడిని తీసుకుంటాడు. దుష్యంతుడి రథానికి ముందు, మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ పరిగెత్తే లేడి. అది చూస్తున్నప్పుడు మనకి కలిగే భయం ఆ లేడిదీ కాదు, మనదీ కాదు, ఎవరిదీ కాదు. సొంతదారు లేని భయం కాబట్టే దాన్ని రుచి చూడగలం అంటాడు. సాధారణీకరణం అంటే స్థూలంగా ఇదే.

గొప్ప మాట, నాకు ఇష్టమైన మాట. కానీ చిన్న సందేహం. ఆ నాటకంలో లేడి చావదు. మునులు అడ్డొస్తారు, ఇది ఆశ్రమ మృగం, చంపకూడదు అంటారు, రాజు బాణం దించేస్తాడు. సొంతదారు లేని భయానికి ఉదాహరణగా దొరికిన జంతువు, బతికి బయటపడే జంతువు. బాణం తగిలి ఉంటే?

తగిలే సినిమా ఒకటుంది. 1949లో జార్జ్ ఫ్రాంజు తీసిన 'లే సాంగ్ దే బేత్', అంటే 'జంతువుల నెత్తురు'. ఇరవై నిమిషాల పైచిలుకు డాక్యుమెంటరీ, పారిస్ అంచుల్లోని కబేళాల గురించి. మొదట ఊరి చివర ఖాళీ జాగాలు, పాత సామాన్ల అంగళ్ళు, ముద్దు పెట్టుకుంటున్న ఒక జంట. ఒక ఆడగొంతు మెత్తగా ఇవన్నీ పరిచయం చేస్తుంది. తర్వాత కబేళా గేటు దగ్గర మగగొంతు అందుకుంటుంది. పనిముట్లని ఒక్కొక్కటిగా చూపించి పేర్లు చెబుతుంది, బడిలో సైన్సు పాఠంలాగా. ఆ వెంటనే ఒక తెల్ల గుర్రాన్ని నడిపించుకొస్తారు. మంచి గుర్రం, నెమ్మదిగా వస్తుంది. నుదుటికి పిస్తోలు లాంటి పనిముట్టు ఆనించి కొడతారు. నాలుగు కాళ్ళూ ఒక్కసారే మడుచుకుపోయి, దారం తెగిన బొమ్మలాగా కూలిపోతుంది. తర్వాత గొంతు దగ్గర కత్తి. చలికాలం కావడంతో, పారుతున్న వేడి నెత్తురులోంచి తెల్లటి ఆవిరి లేస్తుంది.

ఆ ఆవిరి అందంగా ఉంటుంది. ఈ మాట రాయడానికి నాకు ఇబ్బందిగానే ఉంది, కానీ వేరే మాట లేదు. పొద్దుటి ఎండ పడి కబేళా నిండా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. అందంగా ఉందని మనసుకి తట్టేస్తుంది, అది ఏమిటో తెలుసుకునే లోపే. ఆ తర్వాత తెలుస్తుంది. తెలిసాక కూడా అందం పోదు. అక్కడ ఇరుక్కుపోతాం.

ఇదే రంగుల్లో తీసి ఉంటే ఉత్త జుగుప్సగా మిగిలేదని, ప్రేక్షకుడికి కలిగేది కేవలం శరీర సంబంధమైన స్పందన అయ్యేదని ఫ్రాంజు అన్నాడు. ఈ మాటని చాలామంది, బ్లాక్ అండ్ వైట్ దృశ్యాన్ని భరించగలిగేలా చేస్తుంది అని అర్థం చేసుకుంటారు. సెన్సారు వాళ్ళ లెక్క ఎప్పుడూ అదే. 1960లో హిచ్‌కాక్ 'సైకో'ని బ్లాక్ అండ్ వైట్‌లో తీయడానికి ఖర్చు ఒక కారణమైతే, ఆ బాత్రూం హత్య రంగుల్లో మరీ ఎక్కువైపోతుందన్నది ఇంకో కారణం. అందులో నీళ్ళతో కలిసి పోయేది చాక్లెట్ సిరప్. 2003లో వచ్చిన 'కిల్ బిల్' మొదటి భాగంలో ఆ పెద్ద కత్తియుద్ధం అమెరికా ప్రింటులో ఉన్నట్టుండి బ్లాక్ అండ్ వైట్‌కి మారిపోతుంది. జపాన్ ప్రింటులో మాత్రం ఎర్రగానే ఉంది. యుద్ధం మాత్రం అదే. రంగు తీసేస్తే పాపం తగ్గుతుందని అందరూ ఒప్పుకున్నట్టే.

నాకు దీనికి తిరకాసుగా అనిపిస్తుంది. ఎరుపు కనపడగానే మన తరపున మన ఒళ్ళే జవాబు చెప్పేస్తుంది. కడుపులో తిప్పుతుంది, తల పక్కకి తిరుగుతుంది, చెయ్యి కళ్ళకి అడ్డం వస్తుంది. తల తిప్పుకున్నాను కాబట్టి నేను మంచివాణ్ణే అని నమ్మకం కూడా దొరుకుతుంది. అది చవకలో దొరికే మంచితనం. ఎరుపు తీసేస్తే ఒంటికి అలారం మోగదు. చూస్తూనే ఉంటాం. రెండు సెకన్లలో తల తిప్పాల్సినవాళ్ళం నిమిషం పాటు చూస్తాం, ఆ నిమిషంలో అన్నీ కనపడతాయి. తల నరికాక కూడా తన్నుకుంటున్న గొర్రెల కాళ్ళు. కూనిరాగం తీస్తూ పని చేసుకునే కసాయి. అతనూ రాక్షసుడు కాడు. ఎవరి ఆకలి కోసమో పొద్దున్నే లేచి పనికొచ్చినవాడు. అంటే ఇక్కడ బ్లాక్ అండ్ వైట్ మత్తుమందు కాదు. మత్తు ఇవ్వకుండా మేలుకునే ఉంచి, నొప్పి మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చేలా చేసే ఏర్పాటు. ఈ రకం సినిమాల ఆకర్షణ చాలామటుకు ఇక్కడే ఉందని నా అనుమానం. భయపడటానికి కాదు, భయపడకుండా ఎంతసేపు చూడగలమో చూసుకోవడానికి వెళతాం. ఎక్కువసేపే చూడగలమని తెలిసి అప్పుడు భయపడతాం.

పదకొండేళ్ళ తర్వాత ఇదే ఫ్రాంజు 'లే జ్యూ సాన్ విసాజ్' తీశాడు. 'ముఖం లేని కళ్ళు'. మొదట్లో నేను చెప్పిన, ముఖం ఒలిచే దృశ్యం ఇందులోదే. జెనెసియే అనే పెద్ద సర్జన్. తను నడిపిన కారు ప్రమాదంలోనే కూతురు క్రిస్టియాన్ ముఖం పోతుంది. ఆమెకి కొత్త ముఖం అతికించడానికి అమ్మాయిల్ని ఎత్తుకొస్తుంటాడు, సహాయకురాలు లూయీజ్ తోడుగా. ఆపరేషన్ దృశ్యంలో సంగీతం ఉండదు. డాక్టరు పెన్సిల్‌తో అమ్మాయి ముఖం చుట్టూ గీత గీస్తాడు, దర్జీ గుడ్డ మీద గీసినట్టు. ఆ గీత వెంట కత్తి నడుస్తుంది. తర్వాత క్లిప్పులు. తర్వాత చర్మాన్ని మెల్లగా పైకెత్తడం. అంతా ఊపిరి శబ్దాలు, క్లుప్తమైన మాటలు. గదిలో ఎవరూ కేకలు పెట్టరు, ఎవరికీ కోపం లేదు. కూతురి మీద తండ్రి ప్రేమ మటుకు ఉంది. ఆ ప్రేమ నిజమే కూడా.

ఇంతకంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది తర్వాత వచ్చే ఫోటోల వరస. అతికించిన ముఖం మొదట్లో బాగానే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ చర్మంలో ప్రాణం పోతుంటుంది. డాక్టరు గొంతు తేదీలవారీగా చెబుతుంటే, ఒక్కో ఫోటోలో మచ్చలు, పుళ్ళు, కుళ్ళు. కదలిక లేదు. ఆసుపత్రి ఫైల్లో అంటించిన ఫోటోలు. ఇక్కడ దర్శకుడు మనకి డాక్టరు కళ్ళే ఇచ్చాడు. శ్రద్ధ, ఓపిక, నైపుణ్యం, ఫలితం మీద ఆసక్తి. "ఫోటోగ్రఫీ అద్భుతం" అనే ప్రేక్షకుడి కళ్ళు కూడా అవే కదా. మన జవాబుని మనకే తిప్పి ఇచ్చాడు.

దీన్నిబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే చాలు, ఏదైనా నిజాయితీ అయిపోతుందని అనుకోకూడదు. జీల్లో పొంటెకోర్వో తీసిన 'కాపో' కూడా బ్లాక్ అండ్ వైటే, 1960దే. నాజీ క్యాంపులో ఒక స్త్రీ కరెంటు కంచె మీద పడి చచ్చిపోతుంది. కెమెరా ముందుకు కదిలి, కింద నుంచి ఆ శవాన్ని చక్కగా ఫ్రేములో సర్దుకుంటుంది. ఆ ఒక్క కదలిక గురించే 1961లో జాక్ రివెట్ కోపంగా ఒక వ్యాసం రాశాడు, ఆ షాట్ పెట్టాలనుకున్నవాడు అసహ్యానికి అర్హుడని. మరీ అంత కోపమా అని కొందరు అంటారు. నాకు రివెట్‌దే న్యాయంగా తోస్తుంది. అందం తనంతట తాను వచ్చి మనల్ని ఇరికించడం వేరు, శవం దగ్గరికి వెళ్ళి అందాన్ని సర్దడం వేరు. ఫ్రాంజు ఆవిరి మొదటి రకం. 'కాపో' రెండోది.

1989 నాటి 'బిగాటెన్' గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఈ జాబితాల్లో అందరూ ముందుగా చెప్పే పేరు కాబట్టి. మాటలుండవు. ఎలియాస్ మెరిగే ప్రతి ఫ్రేమునీ మళ్ళీ ఫోటో తీసి, బొగ్గుతో గీకినట్టు చేశాడు. దేవుడు తన కడుపు తనే కోసుకుంటాడు. శ్రమ చాలా ఉంది, ఒప్పుకుంటాను. కానీ అందులో బాధపడేవాళ్ళు ఎవరూ లేరు, బాధ తాలూకు డిజైను ఉంది. అరగంట తర్వాత నాకు గోడ మీది చెమ్మ మరకలు చూస్తున్నట్టు అనిపించింది. డిస్టర్బింగ్ అనే మాటకి విలువ ఉండాలంటే, డిస్టర్బ్ అవడానికి తెర మీద ఎవరో ఒకరు ఉండాలి.

'ఇరేజర్‌హెడ్'లో ఉన్నారు. డేవిడ్ లించ్ లాస్ ఏంజిలిస్‌లో, డబ్బు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి తీసి 1977లో బయటికి తెచ్చిన సినిమా. హెన్రీ అనే మనిషికి ఒక బిడ్డ. బిడ్డ అనొచ్చో లేదో తెలియని ఒక ఆకారం, గుడ్డల్లో చుట్టి బల్ల మీద పడుకోబెట్టి ఉంటుంది. దాన్ని దేనితో తయారుచేశాడో లించ్ చివరిదాకా చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. అది ఏడుస్తుంది. రాత్రంతా ఏడుస్తుంది. తల్లి తట్టుకోలేక పుట్టింటికి వెళ్ళిపోతుంది. హెన్రీ, ఆ ఏడుపు, గోడల వెనక ఎప్పుడూ ఆగని యంత్రాల హోరు. ఒక ఇరవై నిమిషాలయ్యాక చూసేవాళ్ళ మనసులో ఒక కోరిక పుడుతుంది. ఆ ఏడుపు ఆగితే బాగుండు. ఎలా ఆగాలని మాత్రం ఎవరూ పూర్తిగా అనుకోరు. చివర్లో హెన్రీ కత్తెర తీసుకుని ఆ గుడ్డలు కత్తిరిస్తాడు. చుట్టిన గుడ్డే దాని చర్మమని, లోపల అవయవాలు అలా తెరిచే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. ఏడుపు ఆగిపోవాలని ఇందాక కోరుకున్నది ఎవరు? కళ్ళని తిట్టి తప్పించుకోవడానికి ఇక్కడ వీల్లేదు, అది చెవుల్లోంచి వచ్చిన కోరిక.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. కనెటో షిండో 1964లో తీసిన 'ఒనిబాబా' దగ్గర నేను ఇప్పటికీ ఒక నిర్ణయానికి రాలేదు. జపాన్‌లో పద్నాలుగో శతాబ్దపు యుద్ధాల రోజులు. మనిషెత్తు రెల్లుగడ్డిలో ఒక అత్తా కోడలూ దారితప్పిన సైనికుల్ని చంపి, కవచాలు అమ్మి, వచ్చిన గింజలు తిని బతుకుతుంటారు. శవాల్ని ఒక గోతిలోకి తోసేస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన పొరుగువాడికి కోడలు దగ్గరవుతుంది. కోడలు వెళ్ళిపోతే తను ఒంటరిగా చంపలేదు, చంపలేకపోతే తిండి లేదు. అందుకని అత్త, చచ్చిన సమురాయ్ ముఖం మీంచి తీసిన దయ్యపు మాస్కు తగిలించుకుని కోడల్ని బెదిరిస్తుంది. వానలో తడిశాక ఆ మాస్కు ముఖానికి కరుచుకుపోతుంది. సుత్తితో పగలగొడితే, లోపల ముఖమంతా పుండు.

షిండో హిరోషిమా ప్రాంతంవాడు. ఆ పుండు పడిన ముఖం మేకప్‌ని, బాంబు దెబ్బతిన్న మనుషుల ఫోటోల ఆధారంగా చేయించాడు. ఈ సంగతి తెలిశాక ఆ దృశ్యం మారిపోతుంది. ఎవరిదీ కాని భయం అనడానికి వీల్లేదు, ఆ ముఖాలు ఎవరివో వాళ్ళవే. వాళ్ళ గాయాన్ని తెచ్చి ఒక దయ్యం కథలో అత్తకి పెట్టడం న్యాయమా? ఆ మనుషుల్ని చూడకుండా తప్పించుకున్న లోకానికి వేరే దారిలో చూపించాడు అనొచ్చు. నిజంగా కాలినవాళ్ళు అడగని పని చేశాడు అని కూడా అనొచ్చు. అతను ఆ నేల బిడ్డ కావడం కొంత హక్కు ఇస్తుందనుకుంటా. పూర్తిగా ఇస్తుందా? అప్పటికే షిండో 1952లో హిరోషిమా పిల్లల మీద నేరుగా ఒక సినిమా తీసి ఉన్నాడు. నేరుగా చెప్పాక కూడా మిగిలిపోయింది ఏదో, దయ్యం మాస్కు కింద దాక్కుని మళ్ళీ వచ్చింది.

మన దగ్గర బ్లాక్ అండ్ వైట్ చాలాకాలం గత్యంతరం లేక వాడిందే. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు, విఠలాచార్య అస్థిపంజరాలు, అవన్నీ రంగు ఫిల్ము కొనలేని రోజుల దయ్యాలు, పైగా పిల్లలకి నచ్చే దయ్యాలు. కావాలని ఎంచుకోవడం ఇటీవలి సంగతి. 2024లో వచ్చిన మలయాళం 'భ్రమయుగం' తెలుగు డబ్బింగులో కూడా దొరుకుతుంది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. బానిసత్వం నుంచి పారిపోయి, అడవిలో తప్పిపోయిన పాణన్ కులపు పాటగాడు ఒక పాడుబడ్డ ఇంటికి చేరతాడు. మమ్ముట్టి వేసిన పోట్టి అతన్ని ఆదరిస్తాడు, అతిథి అంటాడు, పాట పాడమంటాడు, పాచికలాడదాం రమ్మంటాడు. పందెం కాసింది పాటగాడి కాలం, అంటే అతని బతుకు. చాతన్ కంటే నాకు భయం వేసింది ఆ ఆదరణకి. పై మెట్టు మీద కూర్చున్నవాడు నవ్వుతూ పిలిస్తే, కింది మెట్టువాడికి కాదనే వీలుండదు. రంగులుంటే ఆ ఇల్లు, ఆ వాన, కేరళ పచ్చదనం పర్యాటక శాఖ పోస్టరులాగా కళ్ళకి పండగ చేసేవి. పచ్చదనం లేకపోయేసరికి ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదొక్కటే మిగిలింది.

ఇదంతా ఎందుకు ముఖ్యమంటే, శవాలు చూడ్డానికి ఇవాళ గోడ వెంబడి నడిచి వెళ్ళక్కర్లేదు. హైవే మీద ప్రమాదం జరిగితే అంబులెన్సు కంటే ముందు వీడియో బయల్దేరుతుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో, శుభోదయం పువ్వుల కిందే, ఎవరో పెడతారు. పూర్తి రంగుల్లో, పూర్తి శబ్దంతో. ఒళ్ళు జలదరిస్తుంది, "అయ్యో పాపం" అంటాం, కిందికి జరుపుతాం. ఒళ్ళు తన జవాబు తను చెప్పేసింది కదా, మనం చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఇలాంటి సినిమాలు చూసేవాళ్ళ మనసు మొద్దుబారిపోతుందని భయపడేవాళ్ళు, మొద్దుబారడం ఏ తెర మీద జరుగుతోందో ఒకసారి సరిచూసుకుంటే బాగుంటుంది.

జార్జ్ రోమెరో 1968లో పిట్స్‌బర్గ్ దగ్గర తక్కువ డబ్బుతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. చచ్చినవాళ్ళు లేచొచ్చి బతికినవాళ్ళని తింటుంటారు. ఒక ఇంట్లో చిక్కుకున్నవాళ్ళలో రాత్రంతా పోరాడి తెల్లారేదాకా బతికేది బెన్ ఒక్కడే, నల్లజాతి మనిషి. తెల్లారాక తుపాకులు, కుక్కలతో తెల్లవాళ్ళ గుంపు ఒకటి సాయానికొస్తుంది. కిటికీలోంచి తొంగి చూసిన బెన్‌ని కూడా దయ్యమనుకుని కాల్చేస్తారు. ప్రింటు కారులో పెట్టుకుని న్యూయార్క్ వెళుతున్న రాత్రే మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త రేడియోలో విన్నామని రోమెరో తర్వాత చెప్పాడు.

బెన్ పడిపోయాక సినిమా కదలడం ఆపేస్తుంది. నిశ్చల చిత్రాలు వరసగా వస్తాయి. కొక్కేలు పట్టుకున్న మనుషులు, ఈడ్చుకెళ్ళే శవం, చుట్టూ నిలబడ్డ ముఖాలు, చితి. అచ్చు పాత న్యూస్‌పేపరు ఫోటోల్లాగా గరుకుగా ఉంటాయి. మన జిల్లా ఎడిషన్లు రంగుల్లోకి మారకముందు నేరవార్తల పేజీలో వేసిన ఫోటోలు గుర్తున్నవాళ్ళకి ఆ గరుకుదనం తెలుసు. కానీ అమెరికాలో ఆ ఫోటోలు ఇంకోదాన్ని గుర్తుచేస్తాయి. చెట్టుకి వేలాడదీసిన మనిషి చుట్టూ జనం పోజు పెట్టి తీయించుకుని, పోస్టుకార్డులుగా వేయించుకున్న ఫోటోలని.

రోమెరో ఆ చిత్రాలని పేర్లు పడే సమయంలో పెట్టాడు. హాల్లో ఐతే జనం సీట్లలోంచి లేచే సమయం. ఇప్పుడు చాలా ఓటీటీల్లో పేర్లు మొదలవగానే సినిమా చిన్న డబ్బాలోకి ముడుచుకుని ఒక మూలకి జరిగిపోతుంది. మిగతా తెరంతా తర్వాత చూడాల్సిన సినిమా పోస్టరు, పక్కన లెక్కపెట్టే అంకె. బెన్‌ని ఈడ్చుకెళ్ళడం చూడాలంటే రిమోట్ తీసుకుని, ఆ మూలనున్న డబ్బా మీదికి వెళ్ళి నొక్కాలి.